బాయి బాకీ తీర్చేదెవరు?

బొగ్గు ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు. కరెంటు ఎక్కడ వెలుగుతుందో అందరికీ కనపడుతుంది. బూడిద ఎక్కడ పడుతుందో మాత్రం పట్నంలో ఉన్నోళ్లకు పట్టదు. రామగుండం, పాల్వంచ, మణుగూరు, భూపాలపల్లి, జైపూర్ చుట్టుపక్కల ఊళ్లను అడిగితే చెప్తారు. ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే ఆరేసిన బట్టల మీద, వండిన అన్నం మీద, పశువులు మేసే గడ్డి మీద పడేది బూడిదే. కుందనపల్లి లాంటి ఊళ్లకు బూడిద చెరువే పొరుగు. కిన్నెరసానిలో బూడిద నీళ్లు కలుస్తున్నాయన్న మొర పాల్వంచ ప్రాంతంలో ఎప్పటినుంచో వినపడుతున్నదే.

ఈ వారం మేము ఈ బూడిద గురించే మాట్లాడదలిచాం. ఇదంతా ఇంజనీర్లు చూసుకునే వ్యవహారం కదా, సంపాదకీయం దేనికి అని కొందరు మిత్రులు అడగవచ్చు. బూడిద ఎక్కడ పోయాలె అన్నది ఎంత ఇంజనీరింగో అంత రాజకీయం కూడా. గోదావరి లోయలో ఇవాళ మూడు గాయాలున్నాయి. బొగ్గు తీసి డొల్ల చేసిన బాయి మొదటిది. ఆ డొల్లను నింపడానికి తోడిన గోదావరి ఇసుక రెండోది. ఊళ్ల నెత్తిన కుప్పబోసిన బూడిద మూడోది. మూడు గాయాలూ ఒకే నేల మీద, ఒకే జనం మీద పడ్డవి. మూడోదాన్ని తీసి మొదటిదాన్ని పూడిస్తే రెండోది పడకుండా ఆగుతుంది. ఇంత తేలికైన లెక్క ఇన్నేళ్లుగా ఎందుకు కుదరడం లేదన్నదే మా ప్రశ్న.

ముందు బాయి సంగతి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని తేల్చిండు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు తిరగకముందే తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అప్పటి నుంచి మన తాతలు, తండ్రులు తట్టా చెమ్మసు పట్టుకొని దిగిన బాయిల్లో బొగ్గు తీసే పద్ధతి స్థూలంగా ఒకటే. ముందు బొగ్గు పొరలో గల్లీలు కొట్టి, పైకప్పును మోయడానికి నడుమ స్తంభాలు వదులుతారు. దాన్ని బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి అంటారు. ఆఖరున ఆ స్తంభాలను కూడా తీస్తారు. కార్మికుల భాషలో అది డిపిల్లరింగు. స్తంభం తీసినంక కప్పు నిలవదు. కప్పు కూలితే పైనున్న భూమి కుంగుతుంది. పైన ఊరు, రైలు పట్టా, వాగు, చెరువు ఉన్నచోట కప్పును అట్లా కూలనీయడానికి వీల్లేదు. అందుకే ఆ ఖాళీని నింపుతారు. దాని పేరే స్టోయింగు.

స్టోయింగు మన కార్మిక వాడల్లో అందరికీ తెలిసిన మాట. పైన బంకర్‌లో ఇసుక పోసి, నీళ్లు కలిపి, పైపు గుండా బాయిలోకి వదులుతారు. అడుగున ఖాళీ ముందర అడ్డుకట్ట కడతారు. ఇసుక లోపల కూర్చుంటుంది, నీళ్లు అడ్డుకట్ట సందుల్లోంచి కారిపోతే మళ్లీ పైకి తోడుతారు. దీంతో రెండు లాభాలు. కప్పు నిలుస్తుంది, లోపల మిగిలిపోయిన బొగ్గుకు గాలి తగలదు. గాలి తగిలితే మన బొగ్గు తనంత తానే వేడెక్కి మండుకుంటుంది. బాయిలో నిప్పు లేస్తే దాని చేటు ఎంతదో సింగరేణి కుటుంబాలకు మేము చెప్పనక్కరలేదు. స్టోయింగు కార్మికుడి ప్రాణానికి కాపలా కాబట్టే బ్రిటిషు కాలంలోనే, 1939లో, దాని కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది.

ఇగ ఆ ఇసుక ఎక్కడిది? గోదావరిది, దాని వాగులది. ఒక టన్ను బొగ్గు తీస్తే బాయిలో సుమారు 0.7 ఘనపు మీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. ఖాళీ మొత్తాన్ని ఇసుకతోనే నింపాలంటే లక్ష టన్నుల బొగ్గుకు 70 వేల ఘనపు మీటర్ల ఇసుక కావాలె. ఇసుక పోయిన వాగు నీళ్లు పట్టుకోదు. పక్కనున్న వ్యవసాయ బావి ఎండుతుంది, ఒడ్డు కోసుకుపోతుంది. మానేరు ఒడ్డు రైతుకు ఈ పాఠం బాగా తెలుసు. పైగా ఇండ్లు కట్టేటోళ్లకూ ఇసుకే, రోడ్లకూ ఇసుకే, దొంగ లారీలకూ ఇసుకే. అంత గిరాకీ ఉన్న సరుకును, నది ఒక్కొక్క వానకాలం కూడబెట్టిన సొత్తును తెచ్చి భూమిలో పాతేస్తున్నాం. అదే సమయంలో ఇసుక చేసే పనిని చాలావరకు చేయగల సరుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో గుట్టలై పడి ఉన్నది.

అదే బూడిద. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. వంద టన్నులు మండిస్తే సుమారు 35 టన్నులు మిగులుతుందని అనుకుందాం. రామగుండం ఎన్టీపీసీ పాత ఏడు యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. అవన్నీ పూర్తిగా నడిచిన రోజు సుమారు 40 వేల టన్నుల బొగ్గు కావాలె. అంటే ఒక్క రోజులో 14 వేల టన్నుల దాకా బూడిద. 20 టన్నుల లారీల్లో ఎత్తితే 700 లారీలు. దీని మీద 2023, 2024 సంవత్సరాల్లో అదే ఆవరణలో మొదలైన రెండు 800 మెగావాట్ల యూనిట్లు ఉన్నవి. పాల్వంచ, మణుగూరు, భూపాలపల్లి, జైపూర్, దామరచర్ల కేంద్రాలను కూడా కలుపుకుంటే లెక్క ఎక్కడికి పోతుందో పాఠకులే ఊహించుకోవచ్చు. సింగరేణి బొగ్గే మండే ముద్దనూరు చుట్టుపక్కల ఊళ్ల బాధ కూడా ఇదే. బూడిదకు ప్రాంతం తెలియదు, దాని కింద నలిగే జనం ఎక్కడైనా మన జనమే.

ఈ బూడిద రెండు రకాలు. పొయ్యి అడుగున పడే ముతక బూడిద అయిదో వంతు దాకా ఉంటుంది. పొగతో పాటు ఎగిరి, పొగగొట్టం చేరకముందే విద్యుత్ జల్లెడలో పట్టుబడే మెత్తటి బూడిద మిగతాది. దాన్నే ఫ్లైయాష్ అంటున్నాం. అడుగు బూడిద గుణం ఇసుకకు దగ్గర. నీళ్లు త్వరగా ఇంకిపోతయి కాబట్టి స్టోయింగుకు పనికొస్తుంది. ఫ్లైయాష్ అట్లా కాదు. అది నీళ్లను పట్టుకొని బురదలా ఉండిపోతుంది. అడుగున అడ్డుకట్ట తెగితే ఆ బురద పనిచేసే కార్మికుల మీదికే వస్తుంది. కాబట్టి ఫ్లైయాష్‌ను ఉన్నది ఉన్నట్టు బాయిలోకి వదలడం కుదరదు. నీళ్లు బాగా తగ్గించి చిక్కటి ముద్దలా పంపాలె, లేదా కొంత సిమెంటో సున్నమో కలిపి గట్టిపరచాలె. ఈ తేడా చెప్పకుండా "బూడిదంతా బాయిలో పోయండి" అనడం కార్మికుడి ప్రాణంతో చెలగాటమే. తేడా తెలిసి కూడా ఏమీ చేయకపోవడం ఊళ్ల ప్రాణంతో చెలగాటం.

ఇంకో లెక్క చూడండి. వంద టన్నుల బొగ్గు తీసినచోట 70 ఘనపు మీటర్ల ఖాళీ. ఆ బొగ్గు మండితే వచ్చే 35 టన్నుల బూడిద దగ్గరికి తొక్కితే దాదాపు 35 ఘనపు మీటర్లు. అంటే వచ్చిన బూడిదంతా తిరిగి పంపినా బొగ్గు వదిలిన జాగలో సగమే నిండుతుంది. బూడిద పోయడానికి జాగ లేదని, కొత్త చెరువుకు ఇంకో రెండు వందల ఎకరాలు కావాలని అధికారులు ఊరి మీదికి వచ్చినప్పుడు ఈ లెక్క వాళ్ల ముందు పెట్టాలె. జాగ ఉన్నది. ఎవరి భూమి గుంజుకోకుండానే ఉన్నది. బొగ్గు తీసి మీరే చేసిన జాగ అది.

పరిశ్రమ వదిలిన చెత్తను పనికి తెచ్చుకోవడం కొత్త ముచ్చట కాదు. ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డిని మన కమ్మరులు చిట్టెం అన్నారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చిన కాలం నాటి చిట్టెం కుప్పలు ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ కనపడుతయి. ఇవాళ పెద్ద ఉక్కు ఫ్యాక్టరీల బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే చిట్టెంను వేడి మీదనే నీళ్లతో చల్లార్చి గుళికలు చేస్తే, దాన్ని సిమెంట్ కంపెనీలు కొనుక్కుపోతయి. విశాఖ ఉక్కు చిట్టెం అట్లాగే సిమెంటులో కలిసింది. స్లాగ్ సిమెంట్‌కు మన దేశంలో ఐఎస్ 455 అనే ప్రమాణమే ఉన్నది, అందులో నాలుగో వంతు నుంచి సగానికి పైగా దాకా చిట్టెం ఉండవచ్చు. ఉక్కు తయారీలో మిగిలే ఇంకో రకం చిట్టెంలో విడి సున్నం ఉంటుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. కొన్నాళ్లు మాగబెట్టి వాడాలె. ఆ జాగ్రత్తలు తీసుకొని 2022లో గుజరాత్‌లోని సూరత్ దగ్గర హజీరాలో లక్ష టన్నుల ఉక్కు చిట్టెంతో ఆరు వరుసల రోడ్డు వేసినరు. అక్కడ కంకర క్వారీ కోసం ఇంకో గుట్ట పగలకుండా మిగిలింది.

గనుల్లోకి తిరిగి పంపడమూ అంతే పాతది. పోలండ్‌లోని సైలీసియా బొగ్గు ప్రాంతంలో విద్యుత్ కేంద్రాల బూడిదను గని ఖాళీల్లోకి పంపడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. జార్ఖండ్‌లోని జాదుగుడా యురేనియం గనిలో ఖనిజం తీయగా మిగిలిన ముతక ఇసుకను తిరిగి గనిలోనే నింపుతారు. ఒడిశాలోని తాల్చేరులో సౌత్ బలండా పాత ఓపెన్‌కాస్టు గుంతలోకి ఎన్టీపీసీ బూడిదను ఏండ్ల తరబడి పంపింది. సింగరేణి కూడా ఇసుకకు బదులు అడుగు బూడిదను, ఓవర్ బర్డెన్ మట్టిరాళ్లను పిండి చేసి తీసిన ఇసుకను స్టోయింగుకు వాడి చూసింది. కాబట్టి "సాంకేతికంగా సాధ్యం కాదు" అనే సాకు చెల్లదు. చేసి చూసిన పనిని అలవాటు చేసుకోవడానికి ఏం అడ్డం వచ్చిందో చెప్పాలె.

చట్టం లేదా అంటే అదీ ఉన్నది. కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబర్ 14న బూడిద వాడకం మీద మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. 2003, 2009, 2016 సంవత్సరాల్లో సవరించింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న భూగర్భ గనుల్లో స్టోయింగు చేస్తే, ఆ సరుకులో బరువు లెక్కన కనీసం 25 శాతం బూడిద ఉండాలని 2009 సవరణ చెప్పింది. ఇటుకలు, దిమ్మెలు చేసే యూనిట్లకు పొడి బూడిదలో కనీసం 20 శాతం ఉచితంగా ఇవ్వాలని కూడా అదే చెప్పింది. 2016లో వంద కిలోమీటర్ల దాకా రవాణా ఖర్చు మొత్తం థర్మల్ కేంద్రమే భరించాలన్నరు. నూరు శాతం బూడిద వాడకానికి పాత కేంద్రాలకు మొదట 2014 దాకా గడువు ఇచ్చినరు, తర్వాత 2017 డిసెంబర్ 31 అన్నరు. ఆ గడువూ దాటినంక 2021 డిసెంబర్ 31న కొత్త నోటిఫికేషన్ తెచ్చినరు. వాడని బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం, పాత కుప్పలను పదేండ్లలో ఖాళీ చేయడం, 300 కిలోమీటర్ల లోపు గనులు బూడిదను తీసుకోవాల్సిన బాధ్యత అందులో ఉన్నవి. సింగరేణి గనులకూ, మన థర్మల్ కేంద్రాలకూ నడుమ 300 కిలోమీటర్లు అవసరం లేదు. కొన్నిచోట్ల 30 కూడా ఉండవు.

కాగితం మీద పరిస్థితి బాగానే ఉన్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల్లో 1996-97లో దేశంలో వచ్చిన 6.9 కోట్ల టన్నుల బూడిదలో వాడింది పది శాతం కూడా కాదు. 2021-22 నాటికి 27 కోట్ల టన్నులు వస్తే దాదాపు 96 శాతం వాడినట్టు చూపించింది. ఇది పెద్ద మార్పే, కాదనం. సిమెంట్ కంపెనీలు పెద్ద వాటా తీసుకుంటున్నయి. జాతీయ రహదారుల కట్టల్లో బూడిద పోస్తున్నరు. కానీ ఈ "వాడకం" కింద పల్లపు భూములు పూడ్చడమూ ఉన్నది. ఏ పల్లం, ఎవరి పల్లం, దాని కింద ఎవరి బావి అన్నది ఆ శాతంలో కనపడదు. గనుల వాటా ఇప్పటికీ చిన్నదే. వానకాలం వాగు ఒడ్డున కుమ్మరించిపోయిన లారీ బూడిద కూడా ఎక్కడో ఒకచోట శాతంలో కలిసే ఉంటుంది. ఏ ఏటి బూడిద ఆ ఏటి లెక్కలో మాయమైనా, దశాబ్దాలుగా చెరువుల్లో గడ్డకట్టిన పాత బూడిద మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఆ చెరువులు ఉత్త దుమ్ము సమస్య కూడా కాదు. 2019, 2020 సంవత్సరాల్లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో వరుసగా మూడు బూడిద కట్టలు తెగినయి. 2020 ఏప్రిల్‌లో సాసన్ దగ్గర తెగినప్పుడు ఆరుగురు కొట్టుకుపోయి చనిపోయినరు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబర్‌లో కట్ట తెగి నలభై లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిద బురద నదిలో, ఇండ్ల మీద పడ్డది. కట్ట ఎప్పుడు తెగుతదో ఊరికి ముందుగా తెలియదు. కట్ట మీద బరువు తగ్గించడం ఒక్కటే నమ్మకమైన కాపలా.

ఇక్కడ ఒక నిజాయితీ గల అభ్యంతరం ఉన్నది. దాన్ని దాటవేయడం మాకు ఇష్టం లేదు. బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం, పాదరసం లాంటివి కొద్ది మోతాదుల్లో ఉంటయి. బాయిలో నీళ్లు ఉంటయి. ఇయ్యాల బూడిదను బాయిలో పోస్తే రేపు మా బోర్లలోకి విషం దిగదా అని గ్రామస్తులు అడుగుతున్నరు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో టౌన్ ఆఫ్ పైన్స్ అనే చిన్న ఊళ్లో బూడిదను గుంతల్లో, రోడ్ల కింద పోసి వదిలేస్తే, బోరాన్, మాలిబ్డినం తాగునీటి బావుల్లో తేలినయి. చివరికి ఆ ఊరికి నీళ్లు బయటి నుంచి పైపుల్లో తేవాల్సి వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న ఓపెన్‌కాస్టు గుంతలో ముందూ వెనకా చూడకుండా బూడిద కుమ్మరిస్తే రేపు మన కథ కూడా అదే కావచ్చు.

అందుకే మేము గుడ్డిగా పోయమనడం లేదు. ప్రతి గుంతా బూడిదకు పనికిరాదు. అడుగున నీటి పొర ఎంత లోతులో ఉన్నది, నీరు ఎటు పారుతున్నది, దగ్గరలో వాగు ఉన్నదా అన్నది ముందు తేల్చాలె. అవసరమైనచోట అడుగున బంకమట్టి పొర వేయాలె. పోయకముందు, పోస్తున్నప్పుడు, పోసిన తర్వాత ఏండ్ల తరబడి చుట్టూ బావుల నీళ్లు పరీక్షించాలె. ఆ ఫలితాలు ఇంగ్లీషు రిపోర్టుగా ఆఫీసు బీరువాలో పెట్టడం కాదు, తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలె. ఇంత జాగ్రత్త పెట్టి చేసినా అయ్యే ఖర్చును ఒకసారి ఊరి పక్క చెరువులో అదే బూడిద ఏ అడ్డూ లేకుండా నానుతుంటే జరిగే నష్టంతో పోల్చి చూడాలె. విషం భయం ఉన్నది కాబట్టి బూడిదను ఉన్నచోటనే ఉంచుదాం అనేటోళ్లు, ఉన్నచోట కూడా మనుషులే ఉన్నరన్న సంగతి మరిచిపోతున్నరు.

ఇగ కట్టడాల సంగతి. మన ఇండ్లకు కొనే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉంటుంది. చాలామంది ఈ బూడిదతోనే ఇల్లు కట్టుకొని కూడా బూడిద ఇటుక అంటే అనుమానంగా చూస్తున్నరు. బూడిద, రాతిపొడి, కొంత సిమెంటు లేదా సున్నం కలిపి అచ్చుపోసి, నీళ్లు చల్లి మాగబెడితే ఇటుక తయారు. బట్టీ అక్కరలేదు, కాల్చేది లేదు. ఎర్ర ఇటుకకు చెరువు మట్టి, చేను పైపొర కావాలె, కాల్చడానికి మళ్లీ బొగ్గో ఊకో కావాలె. పెద్దపల్లి చుట్టూ బట్టీల్లో ఒడిశా బలంగీర్ నుంచి పిల్లాపాపలతో వచ్చిన కూలీలు అడ్వాన్సు అప్పు తీర్చుకుంటూ ఎట్లా బతుకుతున్నరో ఆ దారిన పోయే ప్రతి ఉద్యోగికీ కనపడుతుంది. బూడిద ఇటుక వచ్చినంత మాత్రాన వాళ్ల బతుకు బాగుపడదు. కొత్త యూనిట్లు పెట్టేటప్పుడే కూలి రేటు, ఉండటానికి ఇల్లు, పిల్లలకు బడి అడగకపోతే పాత బట్టీ పోయి కొత్త బట్టీ వచ్చినట్టే అవుతుంది.

మరి ఆ యూనిట్లు ఎవరు పెట్టాలె? బూడిద మింగిన ఊళ్ల పిల్లలు పెట్టాలె. భూమి పోయిన కుటుంబాల యువకులు, మహిళా సంఘాలు పెట్టాలె. కానీ 2021 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ బూడిదను పారదర్శకంగా బిడ్డింగ్ పెట్టి అమ్మాలని సలహా ఇచ్చింది. పారదర్శకత అంటే ఎవరికి చేదు? కానీ బిడ్డింగ్ అంటే వంద లారీలున్న కాంట్రాక్టరుతో ఒక్క మిషను పెట్టుకున్న నిరుద్యోగి పోటీపడాలన్నమాట. చిన్న ఇటుక యూనిట్లు అప్పుడే మొత్తుకున్నయి. దుమ్ము ఊరికి, టెండరు కాంట్రాక్టరుకు అనే న్యాయం ఎక్కడిది? బూడిద పారేయాల్సిన చెత్త అయినన్ని రోజులు అది మనది. పైసలు రావడం మొదలైన నాటి నుంచి అది వేరేవాళ్లది అయ్యింది.

రవాణా ఖర్చు ఎక్కువ అవుతుందని కంపెనీలు అంటున్నయి. ఖర్చు ఉంటది. కానీ రామగుండంలో గనుల నుంచి విద్యుత్ కేంద్రానికి బొగ్గు మోయడానికి ప్రత్యేకంగా రైలు పట్టాలు ఉన్నవి. అక్కడ బొగ్గు దించిన వ్యాగన్లు ఖాళీగా తిరిగిపోతున్నయి. ఆ ఖాళీ వ్యాగన్లలో తడిపి, కప్పిన అడుగు బూడిదను వెనక్కి పంపలేమా? అడుగు తెరుచుకునే వ్యాగన్లకు బూడిద అంటుకుపోతుందని, దించడం కష్టమని ఇంజనీర్లు అనవచ్చు. అయితే పైపు వేయండి, బెల్టు వేయండి. బొగ్గును గని నుంచి పొయ్యి దాకా తెచ్చే తెలివి ఉన్నోళ్లకు బూడిదను పొయ్యి నుంచి గని దాకా తీసుకపోయే తెలివి లేదంటే మేము నమ్మం. తేవడంలో లాభం ఉన్నది, తీసుకపోవడంలో లేదు. అసలు సంగతి ఇదే. అందుకే దీన్ని మార్కెట్‌కు వదిలితే కాదు, బాధ్యతగా పెట్టాలె.

పైగా పరిస్థితి రోజురోజుకూ మారుతున్నది. సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నది. భూగర్భ గనులు తగ్గుతున్నయి, స్టోయింగు తగ్గుతున్నది, ఆ పని మీద బతికిన కొలువులూ తగ్గుతున్నయి. ఓపెన్‌కాస్టు వదిలిపెట్టే గుంత మాత్రం భూగర్భ గని కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఒకపక్క మట్టి గుట్టలు, ఇంకోపక్క నీళ్లు నిండిన అగాధం. ఆ మట్టిలో బూడిద కలిపి గుంతను వెనక్కి నింపి, పైన మంచి మట్టి పరిచి ఊరికి భూమి తిరిగి ఇచ్చే పని ఇప్పుడే మొదలుపెట్టకపోతే, గనులు మూతపడినంక అడగడానికి కంపెనీ ఉండదు, చేయడానికి పైసలుండవు. 2018 నుంచి 2020 దాకా కేటీపీఎస్ పాత యూనిట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డయి. 2024 ఆగస్టులో ఆ పాత కూలింగ్ టవర్లను పేల్చి కూల్చినరు. రామగుండం బీ థర్మల్ కూడా 2024లోనే ఆగిపోయింది. టవర్లు ఒక్క పూటలో కూలినయి. వాటి బూడిద మాత్రం ఇంకా ఊళ్ల పక్కనే ఉన్నది.

ఉద్యమ కాలంలో మనం ఒక కొలబద్ద పట్టుకున్నాం. వనరు ఎవరిది, ఫలం ఎవరికి, నష్టం ఎవరికి అని ప్రతిదాన్నీ కొలిచినం. బొగ్గు మాది, వెలుగు మీదా అని నిలదీసినం. రామగుండం కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంటే, పక్క ఊళ్లో పొలానికి రాత్రిపూట కరెంటా అని అడిగినం. 2011లో సకల జనుల సమ్మెకు సింగరేణి కార్మికుడు బాయి దిగకుండా ప్రాణం పోసిండు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అయితే రాష్ట్రం వచ్చిన రోజున ఆ కొలబద్దను అటక మీద పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఇవాళ హైదరాబాద్ టవర్లలో లిఫ్టులు నడిచేది కూడా ఆ బొగ్గుతోనే. బూడిద మాత్రం ఇంకా రామగుండానిదీ, పాల్వంచదీ. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. జెన్కో రాష్ట్రానిది. ఎన్టీపీసీ కేంద్రానిది. తప్పించుకోవడానికి మూడో మనిషి లేడు. పరాయి పాలకుల్ని ఏ ప్రశ్న అడిగినమో మన పాలకుల్నీ అదే ప్రశ్న అడగాలె. అడగకపోతే అప్పుడు అడిగిన దానికీ విలువ ఉండదు.

మా డిమాండ్లు స్పష్టం. ప్రతి థర్మల్ కేంద్రం తన బూడిదలో ఎంత ఏ గనికి పోయింది, ఎంత ఏ పల్లంలో పోసింది అన్నది ఊరి పేరుతో సహా నెలనెలా బయటపెట్టాలె. స్టోయింగు జరిగే ప్రతి భూగర్భ గనిలో ముందు అడుగు బూడిద, ఓవర్ బర్డెన్ ఇసుక వాడి, చాలనప్పుడే నది ఇసుక ముట్టాలె. ఏ ఓపెన్‌కాస్టు గుంత బూడిదకు పనికొస్తుందో, ఏది పనికిరాదో గ్రామసభ ముందు పెట్టి తేల్చాలె. ప్రభావిత గ్రామాల యువకుల, మహిళల ఇటుక యూనిట్లకు బిడ్డింగ్ లేకుండా బూడిద కేటాయించాలె. ప్రభుత్వం కట్టే ఇండ్లు, బడులు, ఆఫీసుల్లో ఆ ఇటుకనే వాడాలె. కప్పని బూడిద లారీ ఊళ్లోకి రావద్దు. పాత చెరువుల ఖాళీకి 2021 నోటిఫికేషన్ ఇచ్చిన పదేండ్లలో సగం వరకు గడిచిపోయింది, మిగిలిన ఏండ్లకు ఏటేటా ఎంత ఎత్తుతరో రాసి ఇవ్వాలె.

ఇందులో మన పని కూడా ఉన్నది. సివిల్, మైనింగ్ చదివే విద్యార్థులు మన గనుల బూడిద మీద ప్రాజెక్టులు చేయాలె, ఏ పాళ్లలో కలిపితే ముద్ద నిలుస్తదో మన కాలేజీల ల్యాబుల్లో తేల్చాలె. జియాలజీ, కెమిస్ట్రీ చదివేటోళ్లు ఊళ్లకు పోయి బావి నీళ్లు పట్టుకొచ్చి పరీక్షించాలె. జెన్కోలో, సింగరేణిలో, పంచాయతీరాజ్‌లో పనిచేసే ఉద్యోగ మిత్రులకు ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసు. ఆగినచోట పేరు పెట్టి అడగాలె. సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టండి. మీ ఊరి దగ్గరి బూడిద చెరువులో ఎన్ని టన్నులున్నయి, ఈ ఏడు ఎంత ఎత్తినరు అని అడగండి. వచ్చిన జవాబును మాకు పంపండి, అచ్చేస్తాం.

మన నేల బొగ్గు ఇచ్చింది. తాతల నాటి నుంచి అడిగినప్పుడల్లా ఇచ్చింది. బదులుగా దానికి మనం మిగిల్చింది డొల్ల, దుమ్ము, ఎండిన వాగు. తీసుకున్నది తిరిగి ఇయ్యలేకపోయినా, మిగిలిన బూడిదనైనా మనిషి ఊపిరిలోకి పోనీయకుండా తీసినచోట భద్రంగా దాచడం కనీస ధర్మం. ఇది బాయికి మనం పడ్డ బాకీ. రాష్ట్రం తెచ్చుకున్న జనానికి ఆ బాకీ వసూలు చేయడం కొత్త పని కాదు.